ఆరు వైర్లు

జనక్‌పురి, న్యూఢిల్లీ
5 ఆగస్టు 2025, మంగళవారం

గౌరవనీయులు సిలాసు గారికి,

సరళకుమారి వందనాలు. మీరూ, వదిన గారూ, మీ అబ్బాయి కుటుంబమూ ప్రభువు కాపుదలలో చల్లగా ఉన్నారని నమ్ముతూ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, మా అమ్మాయి ఎల్సా, అల్లుడూ బాగున్నాం. నాకు బీపీ మాత్ర ఒకటి పెరిగింది. అంతకు మించి చెప్పుకోవలసిన జబ్బు లేదు. ఢిల్లీని ఈసారి వానలు వదలడం లేదు. మీ పాలకొల్లులో ఎలా ఉందో.

మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ వదిన గారే ఎత్తారు. ఒకసారి మీరు చర్చికి వెళ్లారన్నారు, ఒకసారి పడుకున్నారన్నారు. మూడోసారి, ఆయన మాట్లాడనంటున్నారమ్మా అని ఉన్నమాట చెప్పేశారు. ఆవిడను ఇంకా ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక నాలుగోసారి చేయలేదు. ఉత్తరమైతే చించేసే ముందు ఒకసారి విప్పి చూస్తారన్న ఆశతో రాస్తున్నాను.

ఇది నా కోసం అడుగుతున్నది కాదు. మీ గ్రైండరు ఆగిపోయింది.

మీరు వెళ్లాక మన కుష్ఠు కాలనీలో చెప్పులు చేసే పని సదాశివరావు గారు ఎత్తుకున్నారు. డెబ్బై దాటిన మనిషి, రెండు చేతులకూ కలిపి మిగిలినవి నాలుగు వేళ్లు. ఆ నాలుగు వేళ్లతోనే రబ్బరు కోసి, మీ గ్రైండరు మీద అంచులు రుద్ది, నూట పన్నెండు మందికి రెండేళ్లుగా ఆయనే చెప్పులు ఇస్తున్నారు. మీ పని ముందు అది పనికాదు, కానీ కాళ్లు నిలబెడుతోంది. నేను ఎప్పటిలాగే మంగళవారం, శుక్రవారం మెట్రోలో లైన్లు మారుతూ యమున దాటి వెళ్లి పుండ్లకు కట్లు కట్టి వస్తున్నాను.

జూలైలో చెప్పుల షెడ్డు కప్పు కారుతోందని కాలనీ కమిటీ వాళ్లు రిపేరు చేయించారు. పాత వైరింగంతా తీసి కొత్తది వేయించారు. కాంట్రాక్టరు పంపిన ఎలక్ట్రీషియను గ్రైండరును గోడ పక్కకు జరపడానికి దాని వెనకున్న చిన్న పెట్టె విప్పి, లోపలి జాయింట్లన్నీ లాగేశాడు. ఏది దేనికి కలిసి ఉందో రాసుకోలేదు, కనీసం ఫోను తీసి ఫోటో అయినా కొట్టలేదు. ఇప్పుడు మోటారులోంచి ఆరు వైర్లు బయటికి వేలాడుతున్నాయి. గుడ్డ తొడుగు ఉన్న పాత వైర్లు, ఒకప్పుడు రంగులుండేవేమో, ఇప్పుడు ఆరూ టీ డికాషన్ రంగే. వాటికి కట్టిన నంబరు బిళ్లలు ఎప్పుడు రాలిపోయాయో తెలియదు.

కొత్త గ్రైండరు కొనుక్కోండి అని అందరూ అంటున్నారు. ఒకటి తెచ్చి కూడా చూశాం. బజారులో దొరికేవి దీనికి రెండింతల వేగంతో తిరుగుతాయి. మన మెత్తని రబ్బరు ఆనించగానే కాలి, జిగురై, చక్రానికి అంటుకుపోయింది. ఆ సంగతి మీకు నేను చెప్పాలా. అందుకే కదా ముప్పై ఏళ్ల కిందట మిషన్ ఆసుపత్రి దీన్ని పాత సామానులో పారేస్తుంటే మీరు అడిగి తెచ్చుకుని, రైల్లో ఢిల్లీ దాకా మోసుకొచ్చారు.

కమిటీ సెక్రటరీగా ఇప్పుడు ఛాయాదేవి గారు ఉన్నారు. ఇక్కడే జనక్‌పురిలో మా వెనక బ్లాకు, ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చెడ్డ మనిషి కాదు, లెక్క ప్రకారం నడిచే మనిషి. ఆగస్టు ముప్పైన మీటింగు పెట్టారు. ఆలోపు గ్రైండరు తిరగకపోతే ఆ గది మందుల స్టోరుకి ఇచ్చేసి, చెప్పులు బయట రెడీమేడ్ కొనేద్దామన్నారు. ఆరు, ఏడు, ఎనిమిది సైజుల్లో. వీళ్లకు కుష్ఠు ఎప్పుడో నయమైంది గానీ కాళ్లకు స్పర్శ తిరిగి రాలేదని, మేకు దిగినా తెలియదని, నొక్కుడు పడే చోట గుంట తీసి ఒక్కో పాదానికి వేరేగా చేయకపోతే నెల తిరక్కుండా పుండు పడుతుందని చెప్పాను. ఆవిడ విని, మరి మిషను తిప్పించండి అన్నారు. తిప్పిస్తానన్నాను.

ఆ ఆరు వైర్లు ఎలా కలిసి ఉండేవో ఒక కాగితం మీద గీసి పంపండి. మోటార్ల గురించి నాకు తెలిసింది ఫ్యాను స్విచ్చి నొక్కడం వరకే. మాణిక్యాంబ పాదం ముందు భాగం తీసేయాల్సి వచ్చిన ఆ సెప్టెంబరు గురించి, ఆ మీటింగులో నేనన్న మాటల గురించి ఇందులో ఏమీ రాయను. అది వేరు, ఇది వేరు అనుకుని జవాబివ్వండి.

వదిన గారికి నా వందనాలు.

ఇట్లు,
సరళకుమారి

జనక్‌పురి
16 ఆగస్టు 2025, శనివారం

సిలాసు గారికి,

సరళకుమారి మళ్లీ వందనాలు చెప్పుకుంటోంది. అందరూ కుశలమని తలుస్తాను. మొదటి ఉత్తరం మీకు పదకొండో తేదీనే చేరినట్టు పోస్టాఫీసు వాళ్ల సైట్‌లో ఎల్సా చూపించింది. జవాబు రాలేదు. రాకపోయినా పని ఆపలేను కాబట్టి, ఇంతవరకు నేనేం చేశానో రాస్తున్నాను. తప్పు చేసి ఉంటే చదివి నవ్వుకోండి, కానీ ఆ తప్పు ఏమిటో చెప్పండి.

ముందు మోటారు పక్కన ఉన్న రేకు బిళ్ల సంగతి. దాని మీద నాలుగు పొరల పచ్చరంగు ఉంది. దూదికి స్పిరిట్ అద్ది, పుండు చుట్టూ చెక్కు తీసినట్టు కొద్దికొద్దిగా తుడిచాను. రెండు డ్రెస్సింగు రోజులు పట్టింది. చివరికి 115/230 అని అంకెలు తేలాయి. దాని కింద వైర్లు కలిపే బొమ్మ ఉండేది కాబోలు, ఎవరో సరిగ్గా అక్కడే రంధ్రం పొడిచి మేకు కొట్టారు.

ఆ అంకెలు ఫోనులో ఫోటో తీసుకుని షాదరాలో మోటార్లు చుట్టే షాపుకి వెళ్లాను. అక్కడి ఉస్తాద్‌జీ పెద్దాయన. దీన్ని రాగి తూకానికి అమ్ముకోండి, నేను కూడా కొంటాను అన్నాడు మొదట. నేను కదలకుండా స్టూలు మీద కూర్చున్నాను. మూడు ఫ్యాన్లు కట్టి ఇచ్చాక నా వైపు తిరిగి, అచ్ఛా మేడమ్, వినండి అని చెప్పాడు. లోపల అసలు రాగితీగ చుట్ట రెండు సగాలుగా ఉంటుందట. ఒక్కో సగం నూట పదిహేను ఓల్టులకే తట్టుకుంటుంది. అమెరికాలో కరెంటు అంతే కాబట్టి అక్కడ రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి కలుపుతారు. మనకొచ్చేది దానికి రెట్టింపు కాబట్టి ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలపాలి. అక్కడిలా కలిపి మన కరెంటు ఇస్తే నిమిషంలో పొగ వస్తుంది. ఇవి కాక, తిరగడం మొదలుపెట్టించే చుట్ట మూడోది ఇంకొకటి ఉంటుందట. మూడు చుట్టలకు కొసలు ఆరు. నాకు మొదటిసారి ఆ ఆరు వైర్లూ ఒక లెక్కలో కనపడ్డాయి.

శుక్రవారం నేను వెళ్లేసరికి కాంట్రాక్టరు ఎలక్ట్రీషియను మళ్లీ వచ్చి ఉన్నాడు. కమిటీ వాళ్లు గట్టిగా అడిగారట. మూడు వైర్లు ఒక వైపు, మూడు ఒక వైపు మెలిపెట్టి ప్లగ్గులో పెట్టబోతున్నాడు. అంటే ఉస్తాద్‌జీ చెప్పిన అమెరికా కలపడమే. వద్దన్నాను. మేడమ్, ఒకసారి పెట్టి చూద్దాం, పోతే పోతుంది అన్నాడు. నేను వెళ్లి స్విచ్చి బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాను. అతను పావుగంట చూసి సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. 

ఎల్సా ఆన్‌లైన్‌లో మల్టీమీటరు తెప్పించింది. మమ్మీ, యే సబ్ ఆప్ క్యోం కర్ రహీ హో, ఇదంతా నీకెందుకు అంటూనే ఎలా పట్టుకోవాలో వీడియోలు వెతికి పెట్టింది. ప్లగ్గు తీసేసి ఉండగానే, ఆరు వైర్లకూ కట్ల ప్లాస్టరు ముక్కలు చుట్టి ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాను. ప్రతి వైరుకూ మిగతా ఐదింటితో మీటరు పెట్టి చూడాలి. మొత్తం పదిహేను జతలు. డ్రెస్సింగు రిజిస్టరులో గళ్లు గీసి రాసుకున్నాను. ఒకటికీ నాలుగుకూ మధ్య ఒకటిన్నర ఓము. రెండుకీ ఆరుకూ మధ్య కూడా సరిగ్గా ఒకటిన్నర. ఆ రెండు జతలే అసలు చుట్ట రెండు సగాలని నాకు అర్థమైంది.

మిగిలినవి మూడు, ఐదు. అవి రెండూ మీటరులో పలకడం లేదు. ఒకదానితో ఒకటి పలకవు, వేరే దేనితోనూ పలకవు. పదిసార్లు చూశాను. కొసలు గీకి చూశాను. ఏమీ లేదు.

ఉస్తాద్‌జీకి ఫోన్ చేస్తే, మూడో చుట్ట తెగిపోయింది మేడమ్, ఖేల్ ఖతమ్ అన్నాడు. నేను నమ్మడం లేదు. జూన్ నెలాఖరు దాకా రోజూ తిరిగిన మోటారు అది. ఎవరూ కరెంటు ఇవ్వకుండా, ఎవరూ కాల్చకుండా గోడ పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు చుట్ట తెగిపోతుందా? వార్డులో నలభై ఏళ్లు చేశాను. నాడి దొరకలేదంటే ముందు నా వేలు సరైన చోట ఉందా లేదా చూసుకోవడం నాకు అలవాటు. ఎక్కడో నేను తప్పు చోట వెతుకుతున్నాను.

మాణిక్యాంబ రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుంటోంది. మీరు వెళ్లే ముందు ఆమెకు చేసిన జోడే ఇంకా వేసుకుంటోంది. కుడి చెప్పు ముందు భాగంలో మీరు నింపిన రబ్బరు అణిగి కాగితంలా అయింది. సగం పాదంతో నడిచే మనిషికి అది పోతే మిగిలిన సగానికీ ప్రమాదం. ఆమెదే కాక, ఈ వారం ఇంకో ముగ్గురికి మడమల మీద ఎర్రబడింది. కొలతలు తీసుకుని పెట్టాను, కోయడానికి రబ్బరు ఉంది, రుద్దడానికే దారి లేదు. సదాశివరావు గారు ఆకురాయితో రుద్దబోయి అరచేయి చీల్చుకున్నారు. ఆయనకూ స్పర్శ లేదు కదా, నెత్తురు చూసి గుమ్మంలోంచి మాణిక్యాంబ చెబితే తెలిసింది.

మీకు రెండో ఉత్తరం రాస్తున్నానని ఆయనతో చెప్పాను. ఆయన అన్న మాట ఇది:

“సిలాసు రాత్తే మిషను కోసం రాత్తాడు గానీ, నీకోసం రాయడమ్మా.”

నాకు అదే చాలు. మిషను కోసమే రాయండి.

మూడు, ఐదు ఎందుకు పలకడం లేదు? ఇదొక్కటే ప్రశ్న. మీటింగుకి పద్నాలుగు రోజులుంది.

వందనాలతో,
సరళకుమారి

జనక్‌పురి
31 ఆగస్టు 2025, ఆదివారం

సిలాసు అన్నయ్య గారికి,

చెల్లెలు సరళకుమారి కృతజ్ఞతతో చేసుకునే వందనాలు. మీ ఇన్‌లాండు కవరు ఇరవై ఐదో తేదీ సోమవారం చేరింది. పైన తేదీ లేదు, నా పేరు లేదు, కింద మీ పేరూ లేదు. మధ్యలో ఒక్క వాక్యం: “గొళ్లెం వైపు మూత తీసి లోపలి స్విచ్చిలో రబ్బరు పొడి తుడవండి.” చదివి, మళ్లీ చదివి, గొళ్లెం ఏమిటా అని ఆ రాత్రంతా తలబద్దలు కొట్టుకున్నాను. మర్నాడు మోటారు ముందు కూర్చుంటే తెలిసింది. ఒక పక్క మూతకు మీరు తలుపు గొళ్లెం ముక్క బిగించి పట్టుకోవడానికి పిడిలా చేసుకున్నారు. మీరు తప్ప ఇంకెవరూ ఆ మూతను ఆ పేరుతో పిలవరు.

మంగళవారం డ్రెస్సింగులు పదకొండింటికల్లా ముగించి కూర్చున్నాం. మూతను పట్టి ఉంచే నాలుగు పొడవాటి బోల్టులు తుప్పుకి కదల్లేదు. కొబ్బరినూనె పోసి గంట ఆగాం. సదాశివరావు గారు పానాను మణికట్టుకు గుడ్డతో కట్టించుకుని తన బరువంతా వేశారు. నాలుగోది ఊడేసరికి మధ్యాహ్నం రెండైంది.

ఇన్నేళ్ల చెప్పుల పొడి లోపల నల్లటి దూదిలా గడ్డకట్టి ఉంది. దాని అడుగున, స్ప్రింగుతో కదిలే చిన్న స్విచ్చి. మోటారు ఆగి ఉన్నప్పుడు దాని రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆని ఉండాలి, వేగం అందుకోగానే విడిపోవాలి, అంతే కదా దాని పని. మధ్యలో పొడి ఇరుక్కుని ఆనడం మానేసింది. గ్రైండరును గోడ పక్కకు ఈడ్చినప్పటి కుదుపుకి పొడి జారి అక్కడ పడి ఉంటుంది. మూడో చుట్ట తెగలేదు, దాని దారి మూసుకుపోయింది.

ఫోర్సెప్స్‌తో గడ్డలు తీశాను. స్పిరిట్ దూదితో తుడిచాను. ఎల్సా గోళ్లు రుద్దుకునే ఆకురాయితో ఆ రెండు బిళ్లలను మెరిసేదాకా రుద్దాను. తర్వాత మల్టీమీటరు కొసలు మూడుకీ ఐదుకీ పెట్టాను. ఐదు ఓములు పలికింది. మాణిక్యాంబ గుమ్మంలోంచి ఏటైందమ్మా అని అడిగింది. బతికే ఉందని చెప్పాను.

అప్పటికి సగం పనే అయింది. అసలు చుట్ట రెండు సగాలను గొలుసులా కలపాలి, కానీ ఏ కొసను ఏ కొసకు కలపాలి? తప్పుగా కలిపితే ఒక సగం ఇటు లాగుతుంది, ఇంకో సగం అటు లాగుతుంది, మోటారు కాలుతుంది. మీటరు ఆ సంగతి చెప్పలేదు. బుధవారం నాకు కాలనీ రోజు కాదు, అయినా బయల్దేరి ముందు ఉస్తాద్‌జీ దగ్గరకు వెళ్లాను. స్విచ్చి సంగతి చెప్పగానే ఆయన చేతిలో పని ఆపేశాడు. చుట్ట తెగిందన్నది నేనే కదా, నాదే తప్పు అన్నాడు. లోపలికి వెళ్లి ఒక చెక్క మీద బిగించిన రెండువందల వాట్ల బల్బు తెచ్చి ఇచ్చాడు. ఏది కలిపినా కరెంటును ముందు ఈ బల్బులోంచి పోనివ్వండి, తప్పు కలిపినా ఏదీ కాలదు అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. బల్బు బాగా వెలిగిందంటే కలపడం తప్పు. మసకగా వెలిగితేనే ఒప్పు. చుట్టలు రెండూ ఒక మాట మీదుంటే కరెంటును అడ్డుకుని బల్బు దాకా కొంచెమే వెళ్లనిస్తాయట.

షెడ్డులో రబ్బరు చాప మీద నిలబడి, నాలుగునూ రెండునూ కలిపి, బల్బు మధ్యలో పెట్టి స్విచ్చి వేశాను. బల్బు భగ్గున వెలిగింది. సదాశివరావు గారు, మాణిక్యాంబ, వాకిట్లో గుమిగూడిన వాళ్లందరూ కరెంటు వచ్చిందని సంతోషపడ్డారు. అది తప్పని చెప్పాల్సి వచ్చింది. చెప్పినా వాళ్లు నమ్మలేదు. ప్లగ్గు పీకి, రెండు బదులు ఆరును కలిపి మళ్లీ వేశాను. బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనపడింది, సాయంత్రం పూట అగరువత్తి కొసలా. మోటారు లోపల సన్నగా మూలిగింది. అందరి మొహాలూ పడిపోయాయి. నేనొక్కదాన్నే నవ్వుతున్నాను.

శుక్రవారం మూడో చుట్టను కలిపాను. చక్రాలు రెండూ విప్పించి పక్కన పెట్టాను. ఈసారి బల్బు తీసేసి, నేరుగా కరెంటు. ఆ స్విచ్చి మీద వేలు పెట్టి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. నొక్కాను. గురక పెట్టి, కుదిపి, తిరిగింది. లోపల స్విచ్చి టక్కుమని విడిపోవడం వినిపించింది. ఆ చప్పుడు మీకు తెలుసు కదా, ఎన్నివేలసార్లు విన్నారో.

కానీ వెనక్కి తిరుగుతోంది. పైభాగం మన వైపు రావాలి, అది గోడ వైపు వెళ్తోంది. అలాగే చక్రాలు పెడితే వాటి నట్లు వాటంతట అవే ఊడొచ్చి ఎవరి మొహానో తగిలేవి. ఆపి, మూడునూ ఐదునూ ఒకదాని చోట ఒకటి మార్చాను. మళ్లీ వేస్తే పైభాగం నా వైపు వచ్చింది. నాలుగూ పది అయింది అప్పుడు. జాయింట్లన్నీ గట్టిగా మెలిపెట్టి, టేపు చుట్టి, పెట్టె మూసేముందు బొమ్మ గీసి మూత లోపలివైపు అంటించాను. ఫోటో కూడా తీశాను.

నిన్న మీటింగు షెడ్డులోనే పెట్టమని అడిగాను. ఛాయాదేవి గారూ, మిగతా ముగ్గురూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. సదాశివరావు గారు ఒక చెప్పు అడుగు రబ్బరు తీసుకుని చక్రానికి ఆనించారు. నల్లటి పొడి సన్నగా రాలింది, వాసన రాలేదు, కాలలేదు. అంచు గుండ్రంగా వచ్చింది. ఛాయాదేవి గారు ఆ రబ్బరు అడిగి తీసుకుని చేత్తో నిమిరి చూసి, ఆ గది చెప్పుల గదిగానే ఉంటుందని మీటింగు పుస్తకంలో రాయించారు. ఎర్రబడిన ముగ్గురివీ వచ్చే మంగళవారానికి తయారవుతాయి. మాణిక్యాంబది మాత్రం సదాశివరావు గారి వల్ల కాదు. సగం పాదానికి చెప్పు ముందు భాగం నింపడం ఆయనకు రాదు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నారు.

మీ ఒక్క వాక్యం లేకపోతే ఇదేదీ జరిగేది కాదు. నా మీద కోపం అలాగే ఉంచుకుని కూడా రాసి పంపారు. దానికి నేనేమిచ్చినా సరిపోదు.

వదిన గారికీ పిల్లలకూ నా ప్రేమ చెప్పండి.

ఇట్లు మీ చెల్లెలు,
సరళకుమారి

తా.క.

2 సెప్టెంబరు, మంగళవారం. పై ఉత్తరం ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక రాశాను. కవరు అంటించలేదు. రెండు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు ఇది కలుపుతున్నాను.

మాణిక్యాంబ చెప్పుకి గుంట ఏ కాలికి తీయాలో రాసిచ్చిన చీటీ నాది. కుడి అని రాశాననీ, మీరు చూసుకోకుండా ఎడమకు తీశారనీ, అందుకే కుడి కాలికి పుండు పడి సగం పాదం పోయిందనీ ఆ రోజు మీటింగులో అందరి ముందూ అన్నాను. చీటీలో ఎడమ అనే ఉందని మీరు ఒక్కసారి చెప్పారు. చూపించమన్నాను. మీ దగ్గర లేదు. గదంతా రెండు రోజులు వెతికి, మూడో రోజు రైలెక్కారు.

ఆ రోజు నేను అబద్ధమాడలేదు, నిజంగా అలాగే అనుకున్నాను. మీరు వెళ్లిన తొమ్మిదో రోజున డ్రెస్సింగు రిజిస్టరు మార్చుతుంటే పాతదాని అట్టలోంచి చీటీ జారింది. పని అయ్యాక చీటీలు నాకే తిరిగిచ్చేవారు కదా మీరు. మాణిక్యాంబ, ఎడమ, బొటనవేలి కింద గుంట. నా చేతిరాతే. మీరు చీటీలో ఉన్నట్టే చేశారు. ఈ సంగతి రెండేళ్లుగా నాకు తెలుసు. నలభై ఏళ్ల నర్సు కుడి ఎడమ తప్పు రాసిందని ఎవరూ అనుకోకూడదని మడిచి దాచుకున్నాను.

ఇంతవరకు మూడు ఉత్తరాల్లోనూ రాయని మాట ఇంకొకటి ఉంది. ఆ ఎలక్ట్రీషియనును కమిటీ వాళ్లు అడిగినప్పుడు, నేను ముట్టుకునేసరికే వైర్లు అలా ఊడి ఉన్నాయన్నాడు. అందరూ అతన్ని తిట్టారు. నేను తిట్టలేకపోయాను. తప్పు ఒప్పుకోలేక నేను చేసిందీ అదే కదా.

నిన్న పొద్దున్నే కాలనీకి వెళ్లి ముందు మాణిక్యాంబకు చెప్పాను. చీటీ చదివి వినిపించాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఇలా అంది:

“రెండేళ్లు నానూ సిలాసునే తిట్టుకున్నాను. నా సేత తిట్టించీసినావు.”

లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నిన్న సాయంత్రం ఛాయాదేవి గారింటికి వెళ్లి చీటీ ఇచ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, అందుకు నాకు మేలే అనిపించింది. మీటింగు పుస్తకంలో 2023 సెప్టెంబరు పేజీ తీసి నా ముందు పెట్టారు. “సిలాసు అజాగ్రత్త వలన” అన్న వాక్యాన్ని నేనే కొట్టేసి, పక్కన నిజం రాసి, పూర్తి పేరుతో సంతకం చేశాను. వచ్చే మీటింగులో దాన్ని అందరికీ పైకి చదివి వినిపిస్తారు. ఆ తర్వాత నన్ను ఉండమంటారో వెళ్లమంటారో వాళ్లిష్టం. ఆ పేజీ జెరాక్సూ, అసలు చీటీ కూడా ఈ కవరులోనే పెట్టాను. చీటీ మీది, మీ దగ్గరే ఉండాలి.

ఇవాళ మాణిక్యాంబ డ్రెస్సింగుకి వచ్చింది. స్టూలు మీద కాలు పెట్టి, మొహం అటు తిప్పుకుని కూర్చుంది. కట్టు కట్టాను. లేచి గుమ్మం దాకా వెళ్లి, మీకు ఉత్తరం వేశానా అని మాత్రం అడిగింది. ఇవాళే వేస్తానన్నాను. ఇప్పుడు పోస్టాఫీసులోనే ఉన్నాను.